సూక్ష్మదర్శిని కింద కత్తి వాదర: కనిపించే గీతలు, కనిపించని పదును

కత్తికి పదును పెట్టడమంటే ఉక్కు రేకును రెండు పక్కలా వాలుగా నూరి, ఆ రెండు వాలు తలాలూ ఒక గీత మీద కలిసేలా చేయడం. ఆ కలయిక గీతే వాదర. రేఖాగణితంలో గీతకు వెడల్పు ఉండదు. ఉక్కులో మాత్రం ఎంత జాగ్రత్తగా నూరినా ఎంతో కొంత వెడల్పు మిగులుతుంది. పదునైన కత్తికీ మొద్దు కత్తికీ ఉన్న తేడాలో ప్రధాన భాగం ఆ మిగిలిన వెడల్పే. గడ్డం గీసుకునే బ్లేడు వాదర వెడల్పు అర మైక్రాన్‌కు లోపే ఉంటుంది. చక్కగా నూరిన వంటింటి కత్తిలో అది ఒక మైక్రాన్‌కు అటూ ఇటూగా ఉంటుంది. టమాటా తొక్క మీద జారిపోయే స్థితికి వచ్చిన కత్తిలో అనేక మైక్రాన్లకు పెరిగి ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందం 50 నుంచి 100 మైక్రాన్లు, రక్తంలోని ఎర్ర కణం వెడల్పు 7 లేదా 8 మైక్రాన్లు. కత్తి బాగా తెగుతోందా లేదా అన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఎర్ర రక్తకణం కన్నా చిన్న కొలతల్లోనే ఉంటుంది.

ఇంత చిన్న కొలతను కంటితో తేల్చలేం కాబట్టి సూక్ష్మదర్శినిని ఆశ్రయించడం సహజం. కంప్యూటరుకు తగిలించుకునే చవక మైక్రోస్కోప్‌లు వచ్చాక, సానరాయి పట్టుకున్న ప్రతి ఒక్కరూ తమ కత్తి వాదరను పెద్దదిగా చూడగలుగుతున్నారు, ఫొటో తీయగలుగుతున్నారు. ఆ ఫొటోల్లో ముందుగా కంటబడేవి గీతలు. ముతక రాయి మీద నూరిన కత్తిలో లోతైన సాళ్లు, నున్నని రాయి మీద నూరిన దానిలో సన్నని గీతలు, తోలు మీద మెరుగు పెట్టిన దానిలో అద్దం లాంటి తలం కనిపిస్తాయి. అద్దంలా మెరిసేదే పదునైనదని చూసినవారు తీర్మానిస్తారు. ఆ తీర్మానం చాలాసార్లు తప్పుతుంది, ఎందుకంటే ఫొటో నిండా పరుచుకున్నది వాలు తలం, కోసే పని చేసేది మాత్రం దాని కొసన ఉన్న వాదర. వాలు తలాన్ని అద్దంలా మెరిపించి, వాదరను గుండ్రంగా వదిలేయడం చాలా సులభం. మెత్తని తోలు మీద గట్టిగా నొక్కి రుద్దితే జరిగేది అదే: తోలు నొక్కుకుపోయి కత్తి కొసను చుట్టుకుంటుంది, తలంతో పాటు వాదర కూడా అరిగి గుండ్రబడుతుంది.

చిన్న లెక్క ఒకటి వేస్తే కొలతలు ఎలా ముడిపడి ఉన్నాయో తెలుస్తుంది. ఒక్కో పక్క 15 డిగ్రీల చొప్పున, మొత్తం 30 డిగ్రీల కోణంతో నూరిన కత్తిని తీసుకుందాం. వాదర నుంచి వెనక్కి ఎంత దూరం జరిగితే, ఆ దూరంలో సగానికి కాస్త ఎక్కువ మందం అక్కడ ఉంటుంది. వాదర వెడల్పు ఒక మైక్రాన్ ఉందంటే, రెండు తలాలూ నిజంగా కలవాల్సిన చోటు నుంచి దాదాపు రెండు మైక్రాన్ల ఉక్కు లేకుండా పోయిందని అర్థం. అయిదు మైక్రాన్ల మొద్దుతనం వచ్చిందంటే పోయిన ఉక్కు ఎత్తు తొమ్మిది మైక్రాన్ల పైచిలుకు. అంటే నిన్న కాగితాన్ని గాలిలో కోసిన కత్తికీ, ఇవాళ ఉల్లిపాయ తొక్క మీద తడబడుతున్న అదే కత్తికీ మధ్య, పక్క నుంచి చూస్తే తేడా ఎర్ర రక్తకణం అంత కూడా ఉండకపోవచ్చు. పక్క నుంచి తీసిన ఫొటోలో ఆ తేడా దొరకకపోవడంలో ఆశ్చర్యం లేదు.

కాంతితో పనిచేసే సూక్ష్మదర్శినికి ఒక హద్దు ఉంది. జర్మనీలోని యేనా నగరంలో సూక్ష్మదర్శినుల తయారీదారు కార్ల్ జైస్‌తో కలిసి పనిచేసిన ఎర్న్‌స్ట్ అబ్బే 1873లో ఆ హద్దును సూత్రబద్ధం చేశాడు. పక్కపక్కన ఉన్న రెండు చుక్కలు రెండుగా కనిపించాలంటే వాటి మధ్య ఉండాల్సిన కనీస దూరం, కాంతి తరంగదైర్ఘ్యాన్ని కటకపు న్యూమరికల్ అపెర్చర్‌కు రెట్టింపుతో భాగిస్తే వస్తుంది. కటకం ఎంత విశాలమైన కోణం నుంచి కాంతిని పోగుచేయగలదో చెప్పే సంఖ్య ఆ అపెర్చర్. కళాశాల ప్రయోగశాలల్లో ఉండే పది రెట్ల ఆబ్జెక్టివ్‌కు, అంటే వస్తువుకు దగ్గరగా ఉండే కటకానికి, అది 0.25. ఆకుపచ్చ కాంతి తరంగదైర్ఘ్యం 0.55 మైక్రాన్లు అనుకుంటే, ఆ కటకం విడదీయగల కనీస దూరం సుమారు 1.1 మైక్రాన్లు. నూనె లేకుండా వాడే వంద రెట్ల మేలైన ఆబ్జెక్టివ్‌కు అపెర్చర్ 0.9 ఉంటుంది, అప్పుడు హద్దు 0.3 మైక్రాన్ల దగ్గర ఆగుతుంది. పదునైన వాదర వెడల్పు సరిగ్గా ఈ హద్దుల చుట్టూనే ఉంది. కాబట్టి కత్తి ఎంత బాగా పదునెక్కితే, దాన్ని కాంతితో కొలవడం అంత కష్టమవుతుంది. చవక మైక్రోస్కోప్ పెట్టె మీద రాసి ఉండే ‘వెయ్యి రెట్లు’ అన్న అంకె తెర మీద బొమ్మ ఎంత పెద్దగా కనిపిస్తుందో చెప్పేదే తప్ప, ఎంత చిన్న వివరం విడిగా కనిపిస్తుందో చెప్పేది కాదు. అలాంటి పరికరాల్లో చాలావాటి కటకం కొన్ని మైక్రాన్ల కన్నా చిన్న వివరాన్ని విడదీయలేదు. విడిపోని బొమ్మను ఎంత సాగదీసినా అందులో కొత్త సమాచారం పుట్టదు.

హద్దు కన్నా చిన్నది అసలు కనిపించదని మాత్రం దీని అర్థం కాదు. నల్లని నేపథ్యంలో మెరిసే వస్తువు ఎంత సన్ననిదైనా, తగినంత కాంతిని కంటికి పంపితే, ఉందని తెలుస్తుంది. దాని వెడల్పు ఎంతో చెప్పడమే కుదరదు. ఉనికిని పట్టుకోవడం వేరు, కొలవడం వేరు. వాదర ఫొటోలను చదివేటప్పుడు ఈ తేడాను మరిచిపోవడం వల్లే ఎక్కువ తగాదాలు వస్తాయి.

రెండో చిక్కు లోతు. కటకం ఎంత శక్తిమంతమైతే, స్పష్టంగా కనిపించే పొర అంత పలచబడుతుంది. 0.25 అపెర్చర్ ఉన్న కటకంలో ఆ పొర మందం సుమారు 9 మైక్రాన్లు, 0.4 ఉన్న ఇరవై రెట్ల కటకంలో మూడున్నర, 0.9 ఉన్న దానిలో ఒక మైక్రాన్ కూడా లేదు. కత్తిని బల్ల మీద పడుకోబెట్టి పై నుంచి చూస్తే, 15 డిగ్రీల వాలు వల్ల వాదర నుంచి వంద మైక్రాన్లు వెనక్కి వచ్చేసరికి తలం 27 మైక్రాన్ల ఎత్తు మారిపోతుంది. ఇరవై రెట్ల కటకంలో అలాంటి తలం మీద 13 మైక్రాన్ల పట్టీ ఒక్కటే స్పష్టంగా ఉండి, మిగిలినదంతా మసకబారుతుంది. అందుకే కత్తిని వాలు కోణానికి సరిపడా వంచి, తలం కటకానికి ఎదురుగా సమంగా నిలిచేలా పట్టి ఉంచే చిన్న ఆధారం ఒకటి తప్పనిసరి. ఎత్తు మారుస్తూ వరుసగా తీసిన ఫొటోలను సాఫ్ట్‌వేర్‌తో కలిపి ఒకే స్పష్టమైన బొమ్మగా చేసే పద్ధతి కూడా ఉంది. కాని కలిపిన బొమ్మలో ఎత్తుపల్లాల ఆనవాళ్లు చెరిగిపోతాయి. వాదర కొసన ఏదైనా వంగి ఉందా అన్న సంగతి, ఫోకస్ మర తిప్పుతూ కంటితో చూసినప్పుడే ఎక్కువ బాగా తెలుస్తుంది.

కటకం కన్నా కూడా దీపం పెట్టే చోటు ఎక్కువ మాట్లాడుతుంది. లోహాల పరీక్షకు వాడే సూక్ష్మదర్శినిలో కాంతి కటకం గుండానే కిందికి దిగి, వస్తువు మీద పడి, తిరిగి అదే దారిన పైకి వస్తుంది. ఎదురుగా సమంగా ఉన్న నున్నని తలం అందులో తెల్లగా వెలుగుతుంది, గీతలు నల్లగా కనిపిస్తాయి. దీపాన్ని పక్కకు జరిపి ఏటవాలుగా వేస్తే అంతా తారుమారవుతుంది: నున్నని తలం కాంతిని అవతలికి విసిరేసి నల్లబడుతుంది, గీతల అంచులు మెరుస్తాయి. సాయంత్రపు ఎండ దున్నిన చేలో ప్రతి సాలునూ నీడలతో ఎత్తి చూపినట్టు, ఏటవాలు కాంతి అర మైక్రాన్ లోతు గీతను కూడా పెద్ద గాడిలా చూపిస్తుంది. ఒకే కత్తిని, ఒకే చోట, దీపం మార్చి రెండు ఫొటోలు తీస్తే ఒకటి అద్దంలాగా, రెండోది ఆకురాయిలాగా కనిపించవచ్చు. కాబట్టి దీపం ఎటు నుంచి పడిందో చెప్పకుండా చూపిన రెండు ఫొటోల పోలికకు విలువ లేదు.

కాంతికి ఉన్న ఈ స్వభావాన్నే మనకు అనుకూలంగా మలుచుకోవచ్చు. కత్తిని పక్క నుంచి కాకుండా, వాదర కటకం వైపు చూసేలా నిలువుగా పట్టి, పై నుంచి కాంతి పంపితే చాలు. రెండు వైపులా ఉన్న వాలు తలాలు చాలా నిటారుగా ఉంటాయి కాబట్టి వాటి మీద పడిన కాంతి పక్కలకు పోతుంది. మొద్దుబారిన వాదర మీద ఉన్న చదును లేదా గుండ్రదనం మాత్రం కాంతిని తిరిగి పైకి పంపుతుంది, నల్లని నేపథ్యంలో అది తెల్లని గీతగా కనిపిస్తుంది. పదును పెరిగే కొద్దీ ఆ గీత సన్నబడి, తెగి చుక్కలై, చివరికి దాదాపు మాయమవుతుంది. ఇక్కడ ఏమీ కనిపించకపోవడమే మంచి వార్త. కత్తిని దీపం వైపు తిప్పి వాదర మీద మెరుపు ఉందేమో చూసే పాత అలవాటు వెనుక ఉన్నదీ ఇదే సూత్రం. వంటగదిలో నిలబడి కంటితో చేసే ఆ పరీక్ష, ఖరీదైన పరికరంతో పక్క నుంచి తీసిన అందమైన ఫొటో కన్నా నిజాయితీ గల సాక్ష్యం ఇస్తుంది. సూక్ష్మదర్శిని చేసేదల్లా అదే పరీక్షను మరింత సన్నగా, ఎక్కడ మొద్దు ఉందో చోటు గుర్తించేంత కచ్చితంగా చేయడం.

వాదరను చూసేవారిని అన్నిటికన్నా ఎక్కువగా మోసగించేది బర్. నూరే రాయి ఉక్కును కోసి తీసేయడమే కాక, కొసన ఉన్న పలచని లోహాన్ని అవతలి వైపుకు నెట్టి వంచుతుంది కూడా. అలా వేలాడే సన్నని రేకు లాంటి పొరను మిషన్ షాపుల్లో బర్ అంటారు. ముతక రాయి మీద వచ్చిన బర్‌ను గోటితో తడిమినా తగులుతుంది. నున్నని రాళ్ల మీదికి వెళ్లే కొద్దీ అది చిన్నదై, వేలికి అందకుండా పోతుంది గాని పూర్తిగా పోదు. దాని మందం మైక్రాన్ కన్నా తక్కువ కావచ్చు కాబట్టి, నిటారుగా నిలిచి ఉన్నంతసేపు అది అద్భుతంగా కోస్తుంది. కాగితం గాలిలో తెగుతుంది, చేతి మీద వెంట్రుకలు రాలతాయి, కత్తి సిద్ధమైందనిపిస్తుంది. ఆ కత్తిని కోత చెక్క మీద నాలుగుసార్లు దించగానే బర్ మడత పడుతుంది లేదా విరిగిపోతుంది. విరిగిన చోట మిగిలేది చిరిగిన, వెడల్పైన అంచు. ‘నూరిన రోజే బాగుంది, మర్నాటికి పదును పోయింది’ అని వినిపించే ఫిర్యాదుల్లో చాలావాటికి ఉక్కు నాణ్యత కారణం కాదు, తీయకుండా వదిలేసిన బర్ కారణం.

సూక్ష్మదర్శినిలో బర్‌ను గుర్తుపట్టడానికి కొన్ని ఆనవాళ్లు ఉన్నాయి. వాలు తలం ఫోకస్‌లో ఉన్నప్పుడు కొసన ఒక సన్నని పట్టీ మసకగా ఉండి, మర కాస్త తిప్పగానే అది స్పష్టమై తలం మసకబారితే, ఆ పట్టీ తలంతో ఒకే వాలులో లేదన్నమాట. తలం మీది గీతలు వాదర దాకా వచ్చి అక్కడ హఠాత్తుగా దిశ మార్చినా, ఆగిపోయినా అనుమానించాలి. కత్తిని తిప్పి రెండో పక్కన అదే చోట చూడడం తప్పనిసరి. ఒక పక్కన గీత చక్కగా, తిన్నగా ఉండి, రెండో పక్కన ముద్దముద్దగా ఉంటే బర్ అటు వాలి ఉందని తేలుతుంది. ఒక్క పక్క ఫొటోతో ముగించిన పరీక్ష సగం పరీక్షే.

ఈ విషయంలో కాంతి సూక్ష్మదర్శిని ఆగిపోయిన చోట ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని మొదలవుతుంది. ఎలక్ట్రాన్ పుంజంతో వస్తువు ఉపరితలాన్ని వరుసగా తడుముతూ బొమ్మ గీసే స్కానింగ్ పరికరాన్ని కేంబ్రిడ్జ్‌లో చార్లెస్ ఓట్లీ బృందం ఏళ్ల తరబడి మెరుగుపరిచింది, 1965లో కేంబ్రిడ్జ్ ఇన్‌స్ట్రుమెంట్ కంపెనీ దాన్ని స్టీరియోస్కాన్ పేరుతో మార్కెట్లోకి తెచ్చింది. అది కొన్ని నానోమీటర్ల వివరాన్ని చూపగలదు (నానోమీటర్ అంటే మైక్రాన్‌లో వెయ్యో వంతు). అంతకన్నా ముఖ్యంగా, కాంతి కటకాలతో పోలిస్తే ఎన్నో రెట్ల లోతు వరకు ఒకేసారి స్పష్టంగా చూపుతుంది. వాలు తలం, వాదర, దాని మీది బర్, అన్నీ ఒకే బొమ్మలో ఇమిడిపోతాయి. అమెరికాలోని అయోవా స్టేట్ యూనివర్సిటీలో లోహశాస్త్ర ఆచార్యుడిగా పనిచేసిన జాన్ వెర్హోవెన్ ఈ పరికరంతో వంటింటి కత్తుల పదునును క్రమబద్ధంగా పరిశీలించి 2004లో వెలువరించిన ఫలితాలు ఇప్పటికీ ఈ రంగంలో అందరూ ఆధారపడేవి. ఆయన పద్ధతిలో గొప్పతనం పోలికకు స్థిరమైన కొలమానం పెట్టుకోవడంలో ఉంది. కొత్త రేజర్ బ్లేడును ప్రమాణంగా తీసుకుని, ప్రతి దశలోనూ కత్తి వాదర దానికి ఎంత దగ్గరైందో చూశాడు. రాళ్ల మీద ఎంత నున్నగా నూరినా బర్ మిగిలే ఉందని, ఏ పూతా లేని ఉత్త తోలు మీద రుద్దితే వచ్చే మార్పు స్వల్పమని, సన్నని క్రోమియం ఆక్సైడ్ పూత పూసిన తోలు మీద రుద్దితే మాత్రం బర్ పోయి వాదర రేజర్ స్థాయికి చేరుతుందని ఆయన బొమ్మలు చూపించాయి. క్షౌరశాలల్లో సగం బ్లేడు విరిచి పెట్టుకునే కత్తులు రాకముందు, గోడకు వేలాడే తోలు పట్టా మీద మంగలి కత్తిని అటూ ఇటూ తిప్పే దృశ్యం తెలుగు ఊళ్లలో అందరికీ తెలిసినదే. ఆ పట్టాకు పూసే పూత అలంకారం కాదని, చివరి మైక్రాన్‌ను సరిచేసే పనిలో ఎక్కువ భాగం దానిదేనని ఈ బొమ్మల వల్ల నమ్మకంగా చెప్పగలుగుతున్నాం.

ఎలక్ట్రాన్ బొమ్మలకూ పరిమితులున్నాయి. కత్తి మీద నూనె, చర్మపు జిడ్డు, రాయి బురద కొంచెం ఉన్నా అవి వాదరలో భాగంలా కనిపిస్తాయి. శూన్యంలో పెట్టే ముందు ద్రావణితో బాగా కడగాలి. పెద్ద కత్తి పరికరంలో పట్టదు, ముక్క కోయాలి. అన్నిటికీ మించి, ఒక బొమ్మలో కనిపించే నిడివి కొన్ని పదుల మైక్రాన్లు మాత్రమే. ఇరవై సెంటీమీటర్ల వాదరలో అది వేలల్లో ఒక వంతు. ఎక్కడ చూశారన్నది చెప్పకుండా, బాగున్న ఒక చోటును ఎంచి చూపిన బొమ్మ ఆ చోటుకు తప్ప కత్తికి సాక్ష్యం కాదు.

ఇక గీతల సంగతికి తిరిగి వస్తే, అవి పట్టించుకోదగినవి కావని అనుకోకూడదు. వాదర దాకా చేరిన ప్రతి గీతా అక్కడ ఒక చిన్న గంటు పెడుతుంది, గంట్ల మధ్య మిగిలినవి పళ్లలా నిలుస్తాయి. జపాన్ ప్రమాణం ప్రకారం వెయ్యి నంబరు రాయిలో రేణువుల పరిమాణం పది పదిహేను మైక్రాన్ల మధ్య ఉంటుంది, ఎనిమిది వేల నంబరు రాయిలో ఒక మైక్రాన్‌కు కాస్త ఎక్కువ. రేణువు ఉక్కులో పూర్తిగా దిగదు కాబట్టి గీత లోతు రేణువు పరిమాణంలో చిన్న భాగమే ఉంటుంది, అయినా ముతక రాయి వదిలిన పళ్లు రంపంలా పనిచేయడానికి చాలు. లాగి కోసే పనుల్లో, అంటే తాడు, టమాటా, నార ఉన్న మాంసం లాంటివాటిలో, ఆ పళ్లు ఉపకరిస్తాయి. నిటారుగా నొక్కి కోసే పనుల్లో, గడ్డం గీయడంలో, చెక్క చెక్కడంలో అవి అడ్డం. కాబట్టి ఫొటోలో ముతక గీతలు కనిపించాయని కత్తిని తక్కువ చేయడం సరికాదు. గీత వాదరను తాకిందా, తాకిన చోట లోహం శుభ్రంగా ముగిసిందా, చిరిగిందా అన్నదే చూడాలి. వాదరకు ఇరవై మైక్రాన్ల ఇవతలే ఆగిపోయిన గీత, కంటికి ఎంత కరుకుగా కనిపించినా, పదునుకు దాదాపు సంబంధం లేనిది.

వాదర ఎంత సన్నగా నిలబడగలదన్నది రాయి కన్నా ముందు ఉక్కు లోపలి నిర్మాణం నిర్ణయిస్తుంది. ఉక్కులో గట్టి కార్బైడ్ రేణువులు, అంటే లోహం కర్బనంతో కలిసి ఏర్పడే రేణువులు, పరుచుకుని ఉంటాయి. రేజర్ బ్లేడులకు వాడే, సుమారు 13 శాతం క్రోమియం ఉన్న స్టెయిన్‌లెస్ ఉక్కులో అవి ఎక్కువగా మైక్రాన్‌కు లోపే ఉండేలా తయారుచేస్తారు. అచ్చులకు, డైలకు వాడే కొన్ని ఉక్కుల్లో అవే రేణువులు పదుల మైక్రాన్లు ఉంటాయి. వాదర వెడల్పు అర మైక్రాన్, దానిలో ఇరుక్కున్న రేణువు ఇరవై మైక్రాన్లు అయితే, ఆ రేణువు ఊడిన చోట పెద్ద పన్ను ఊడినట్టే. నునుపు చేసిన ఉక్కు ముక్కను నైట్రిక్ ఆమ్లం కలిపిన ఆల్కహాల్‌లో కాసేపు ఉంచితే ఈ రేణువులు సాధారణ సూక్ష్మదర్శినిలోనే కనిపిస్తాయి. వెనేడియం కార్బైడ్ ఎక్కువగా ఉన్న ఉక్కుల్లో మరో విశేషం ఉంది. ఆ రేణువులు మామూలు సానరాళ్లలోని అల్యూమినియం ఆక్సైడ్ కన్నా గట్టివి. రేణువు చుట్టూ ఉన్న ఉక్కును రాయి అరగదీస్తుంది, రేణువును మాత్రం కోయలేదు. అలాంటి కత్తులకు వజ్రపు పొడి పూసిన ఫలకాలు ఎందుకు కావాలో సూక్ష్మదర్శినిలో చూస్తే వెంటనే తెలుస్తుంది.

ఉక్కు నిర్మాణానికీ వాదరకూ ఉన్న సంబంధం చెప్పేటప్పుడు తెలంగాణను తలచుకోవడానికి గట్టి కారణమే ఉంది. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు ముద్దల కోసం పారశీక వర్తకులు వచ్చేవారని, అక్కడి తయారీని స్వయంగా చూసిన భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసే రాసిన వివరణ 1832లో ఏషియాటిక్ సొసైటీ ఆఫ్ బెంగాల్ పత్రికలో అచ్చయింది. వూట్జ్ అని ప్రపంచం పిలిచిన ఆ ఉక్కులో కర్బనం ఒకటి నుంచి రెండు శాతం దాకా ఉంటుంది. ఆ ఉక్కుతో చేసిన డమాస్కస్ కత్తుల మీద కనిపించే అలల వంటి నమూనా, వరుసలుగా కూడిన సిమెంటైట్ (ఇనుప కార్బైడ్) రేణువుల వల్ల వస్తుందని సూక్ష్మదర్శినితోనే తేలింది. పైన చెప్పిన వెర్హోవెన్, కమ్మరి ఆల్‌ఫ్రెడ్ పెండ్రేతో కలిసి, ఆ వరుసలు ఏర్పడడానికి ఖనిజం నుంచి వచ్చిన వెనేడియం వంటి మూలకాల లేశాలే కారణమని చూపాడు. ఆ రేణువులు కొన్ని మైక్రాన్ల పరిమాణం ఉంటాయి, అంటే రేజర్ వాదరతో పోలిస్తే పెద్దవి. వూట్జ్ కత్తి పట్టుగుడ్డను గాలిలో కోసిందన్న కథల్ని వింటూ పెరిగినవారికి ఈ మాట కాస్త కష్టంగా తోచవచ్చు గాని, గౌరవం కథకు కాక పనికి ఇవ్వాలి. మట్టి మూసలో, బొగ్గు వేడిలో, ఏ కొలత పరికరమూ లేకుండా అంత కర్బనం ఉన్న ఉక్కును తీసి, పెళుసుబారకుండా సాగగొట్టగలిగే ముద్దగా చేయడమే కోనసముద్రం పనివారి అసలు ఘనత.

గట్టిగా, సన్నగా చేసిన వాదర కూడా ఎందుకు చెడుతుందన్న ప్రశ్నకు 2020 ఆగస్టులో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన కొత్త వెలుగు ఇచ్చింది. వెంట్రుక ఉక్కు కన్నా సుమారు 50 రెట్లు మెత్తన. అయినా గడ్డం గీసిన కొద్ది రోజులకే బ్లేడు మొద్దుబారుతుంది. నెమ్మదిగా అరిగి గుండ్రబడుతుందనే చాలాకాలం అనుకున్నారు. అమెరికాలోని ఎంఐటీలో జాన్‌లూకా రోస్చోలి, సయ్యదా మొహద్దేసె తాహేరీ మౌసవీ, జెమ్ తాసాన్ కలిసి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని లోపలే వెంట్రుకలను కోసే చిన్న ఏర్పాటు అమర్చి చూస్తే, వాదర నుంచి చిన్న చిన్న పెచ్చులు ఊడుతున్నాయని కనిపించింది. అన్ని చోట్లా ఊడలేదు. వెంట్రుక నిటారుగా కాక వంగి తగిలినప్పుడు, అది వాదర మీద పడిన చోట ఉక్కు నిర్మాణం ఏకరీతిగా లేనప్పుడు, గట్టి భాగం, మెత్తని భాగం పక్కపక్కన ఉన్నప్పుడు ఒత్తిడి అక్కడ పోగై పెచ్చు లేస్తోంది. ఈ పరిశోధనలో మెచ్చదగిన విషయం, ఫలితంతో పాటు, చూసిన తీరు. వాడిన తరువాత తీసిన ఒక్క ఫొటోతో అరుగుదలకూ పెచ్చుకూ తేడా చెప్పడం కష్టం. కోస్తుండగా అదే చోటును మళ్లీ మళ్లీ చూసినందువల్లే కారణం దొరికింది.

వేడి వల్ల వచ్చే నష్టం గురించి కొంచెం చెప్పాలి. సైకిల్ మీద సానచక్రం తిప్పే పనివారి దగ్గర గాని, దుకాణంలో కరెంటు చక్రం మీద గాని నూరినప్పుడు నిప్పురవ్వలు లేస్తాయి. మామూలు కర్బన ఉక్కు 220, 230 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డి రంగుకు, 300 డిగ్రీల దగ్గర నీలం రంగుకు తిరుగుతుంది. అంత వేడెక్కితే గట్టిపరిచిన ఉక్కు మెత్తబడుతుంది. వాదర దగ్గర లోహం అతి పలచన కాబట్టి ఆ వేడి ముందుగా అక్కడికే చేరుతుంది. సూక్ష్మదర్శినిలో గోధుమ, నీలం చాయల పట్టీ కనిపిస్తే సందేహం అక్కర్లేదు. రంగు కనిపించకపోతే మాత్రం వేడెక్కలేదని హామీ లేదు, ఎందుకంటే తరువాతి రాయి ఆ రంగు పొరను తుడిచేసి మెత్తబడిన ఉక్కును వదిలేయగలదు.

ఇన్ని పరిమితుల మధ్య సూక్ష్మదర్శిని ఎప్పుడు నమ్మదగినదవుతుందంటే, కోత పరీక్షతో జత కట్టినప్పుడు. నిర్ణీత మందం గల దారాన్ని తెంచడానికి ఎన్ని గ్రాముల ఒత్తిడి కావాలో కొలిచే చిన్న పరికరాలు ఇప్పుడు సులువుగా దొరుకుతున్నాయి. ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో కత్తుల పరిశ్రమ ఏర్పాటు చేసుకున్న పరిశోధన సంస్థ కాట్రా, ఇసుక కలిపిన కాగితపు అట్టను కత్తితో పదేపదే కోయించి, ప్రతి కోతకూ ఎంత లోతు తెగిందో కొలిచే యంత్రాన్ని రూపొందించింది. అంకె పడిపోయిన చోటు తెలిస్తే, సూక్ష్మదర్శినిలో ఏ చోట చూడాలో తెలుస్తుంది. చూసిన చోట బర్ మడత, పెచ్చు, తెల్లని మొద్దు గీత, తుప్పు గుంట, వీటిలో ఏది ఉందో తెలిస్తే అంకె ఎందుకు పడిందో తెలుస్తుంది. పుల్లమామిడి కోసి కడగకుండా వదిలేసిన కర్బన ఉక్కు కత్తిలో, ఒక్క రాత్రిలోనే ఆమ్లం వాదరను తినేసిన గుంటలు కనిపిస్తాయి. అక్కడ మళ్లీ నున్నని రాయి పట్టి ప్రయోజనం లేదు, గుంట లోతు పోయేదాకా ముతక రాయితోనే మొదలుపెట్టాలి.

కోసిన వస్తువును పరిశీలించి వాదరను తెలుసుకునే పద్ధతి ఆసుపత్రుల పాథాలజీ ప్రయోగశాలల్లో రోజూ అమలులో ఉంది. మైనంలో పొదిగిన కణజాలాన్ని మైక్రోటోమ్ అనే కోత యంత్రం మీద మూడు నుంచి అయిదు మైక్రాన్ల మందపు పొరలుగా కోసి, గాజు పలక మీదికి ఎక్కించి, రంగు వేసి వైద్యులు చూస్తారు. బ్లేడు వాదరలో ఒక్క గంటు ఉన్నా, ప్రతి పొర మీదా కోత దిశలో తిన్నని గీత ఒకటి, అదే చోట పడుతుంది. ఆ గీత బ్లేడు వల్ల వచ్చిందా, కణజాలంలో గట్టిపడిన సున్నపు కణిక వల్ల వచ్చిందా అన్న అనుమానం వస్తే, టెక్నీషియన్ బ్లేడును కొంచెం పక్కకు జరిపి మరో పొర కోస్తారు. గీత మాయమైతే లేదా బ్లేడుతో పాటు జరిగితే దోషం వాదరది, కణజాలంలో అదే చోట మళ్లీ వస్తే కణికది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కోసం వంద నానోమీటర్ల కన్నా పలచని పొరలు కావాల్సినప్పుడు ఉక్కు పనికిరాదు. అప్పటికప్పుడు విరిచిన గాజు అంచునో, వజ్రపు కత్తినో వాడతారు. గాజు అంచు పదును చాలా త్వరగా పోతుంది కాబట్టి, పొర మీద గీతలు కనిపించడం మొదలవగానే దాన్ని పక్కన పెట్టి కొత్త గాజు విరుస్తారు.